లక్షెట్టిపేటలో చదివిన పిల్లవాడి మహావీర చక్ర

కిందటేడు మన సొసైటీ తరఫున పదో తరగతి పాసైన పిల్లలకు బహుమతులు ఇచ్చిన రోజున ఒక చిన్న సంగతి జరిగింది. సభ ముగిసి అందరం వరండాలో నిలబడి చాయ్ తాగుతున్నాం. ఒక పిల్లవాడు తన మెడలో వేసిన పతకాన్ని గోటితో గీకి చూసి, నా దగ్గరికి వచ్చి, "చాచా, ఇది బంగారం కాదు గదా. సిపాయిలకు ఇచ్చేది మాత్రం అసలు బంగారమేనా?" అని అడిగాడు. నేను తడుముకోకుండా "అవును బేటా" అన్నాను. ఇంటికి పోయినంక అనుమానం పట్టుకుంది. నాలుగు పుస్తకాలు తిరగేస్తే నేను చెప్పింది తప్పని తేలింది. ఆ తప్పు దిద్దుకోవడానికే ఈ వ్యాసం రాయాలనుకున్నాను. తీరా మొదలుపెట్టాక అది బంగారం వెండి లెక్కతో తెగలేదు. మన జిల్లా గడ్డ మీద అక్షరాలు దిద్దిన ఒక పిల్లవాడి దగ్గరికి నన్ను తీసుకుపోయింది.

బెల్లంపల్లి నుంచి మందమర్రి, మంచిర్యాల మీదుగా పోతే లక్షెట్టిపేట వస్తుంది. మనలో చాలామందికి అక్కడ చుట్టాలున్నారు, పెండ్లిళ్లకు పోయివస్తుంటాం. ఆ లక్షెట్టిపేటలో శిశుమందిర్ బడిలో చిన్న తరగతులు చదివిన ఒక బ్యాంకు ఉద్యోగి కొడుకు, 2020 జూన్ 15 రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయలో ప్రాణాలు విడిచాడు. ఆయనే కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు. సొంత ఊరు సూర్యాపేట. తండ్రికి బ్యాంకులో నౌకరీ, బదిలీలు మామూలే. అట్లా ఆ కుటుంబం కొన్నేళ్లు మన ప్రాంతంలో కాపురం ఉన్నది. ఇంత దగ్గరి సంగతి మనలో ఎంతమందికి తెలుసు? నాకైతే ఆయన పోయిన తర్వాత గాని తెలియలేదు. సిగ్గుపడి చెబుతున్నాను.

ఆ తర్వాతి చదువు విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూలులో. ఆరో తరగతిలో పిల్లవాణ్ని అంత దూరం హాస్టలుకు పంపడమంటే తల్లికి ఎంత కష్టమో మన ఇండ్లల్లో అమ్మలను అడిగితే తెలుస్తుంది. తండ్రి మాత్రం గట్టిగా నిలబడ్డాడు. తనకు సైన్యంలో చేరాలని ఉండేదనీ, అది కుదరలేదనీ, కొడుకుతో ఆ కోరిక తీర్చుకున్నాననీ ఆయనే తర్వాత విలేకరులకు చెప్పాడు. సంతోష్ బాబు సైనిక్ స్కూలు నుంచి పూణే దగ్గరి ఖడక్‌వాస్లాలో ఉన్న నేషనల్ డిఫెన్స్ అకాడమీకి పోయాడు. అక్కడినుంచి డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీకి పోయి, 2004లో ఆఫీసరై బిహార్ రెజిమెంటు 16వ బెటాలియన్‌లో చేరాడు. పదిహేనేళ్లు తిరిగేసరికి అదే బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసరయ్యాడు. పోయేనాటికి వయసు 37. ఇద్దరు చిన్న పిల్లలు. హైదరాబాద్‌కు బదిలీ కావలసి ఉన్నది. కరోనా లాక్‌డౌన్ వచ్చి అది వెనక్కి పోయింది.

ఇక ఆ రాత్రి సంగతి. గల్వాన్ అనేది ఒక ఏరు. మంచుకొండల నడుమ పారి ష్యోక్ నదిలో కలుస్తుంది. అక్కడ మన సైన్యానికీ చైనా సైన్యానికీ నడుమ సరిహద్దు రేఖ ఎక్కడన్న తగాదా ఉన్నది. ఇరుపక్షాలు వెనక్కి తగ్గాలని అంతకు కొన్ని రోజుల ముందే పెద్ద ఆఫీసర్ల మధ్య మాట జరిగింది. ఆ మాట అమలు దగ్గరే గొడవ లేచింది. ఇందులో మనకు వింతగా తోచే విషయం ఒకటున్నది. ఇంత పెద్ద పోరాటంలో ఒక్క తూటా పేలలేదు. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపరాదని 1996లో రెండు దేశాలు ఒప్పందం రాసుకున్నాయి. అందుకని అక్కడ జరిగింది రాళ్లతో, కర్రలతో, మేకులు దిగేసిన ఇనుప గుదియలతో చేసిన యుద్ధం. చీకటిలో, ఎముకలు కొరికే చలిలో, కింద మంచు నీళ్ల ఏరు. ప్రభుత్వం పతకంతోపాటు ఇచ్చిన ప్రశంసా పత్రం ప్రకారం, శత్రువు ఎదురుగా ఒక పరిశీలక స్థావరం నెలకొల్పే పని సంతోష్ బాబుకు అప్పగించారు. ఆయన తన జవాన్లను కూడగట్టి దాన్ని నిలబెట్టాడు. పక్క ఎత్తుల నుంచి రాళ్ల వర్షం కురుస్తుంటే, పదునైన ఆయుధాలతో మీద పడుతుంటే, తీవ్రంగా గాయపడి కూడా వెనుదిరగకుండా ముందు నిలిచి కడ ఊపిరి దాకా నడిపించాడు.

మరునాడు మొదట ముగ్గురు పోయారని వార్త. రాత్రయ్యేసరికి ఆ లెక్క ఇరవై అయింది. చైనా తన వాళ్లు నలుగురు పోయారని 2021 ఫిబ్రవరిలో గాని బయటపెట్టలేదు. ఆ రేఖ మీద మన జవాన్లు పోరులో ప్రాణాలు కోల్పోవడం 1975 తర్వాత అదే మొదటిసారి. అప్పుడు అరుణాచల్ ప్రాంతంలో నలుగురు పోయారు. నలభై అయిదేళ్ల నిశ్శబ్దం ఒక్క రాత్రిలో చెదిరింది.

సంతోష్ బాబు భౌతికకాయం 17వ తేదీ రాత్రి హకీంపేట విమానాశ్రయానికి చేరింది. 18న సూర్యాపేటలో అంత్యక్రియలు. కరోనా రోజులు, గుంపు కూడవద్దని ఆంక్షలు. అయినా జనం రోడ్ల పొడుగునా, మిద్దెల మీద నిలబడి పూలు చల్లారు. టీవీలో చూసినవాళ్లకు ఇంకా గుర్తుండే ఉంటుంది.

అసలు పతకం ముచ్చట ఇక్కడ మొదలవుతుంది. 2021 జనవరి 26 సందర్భంగా కేంద్రం ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించింది. మరునాడు పత్రికల్లో తండ్రి మాట వచ్చింది. తనకు పూర్తి తృప్తి లేదనీ, కొడుకు చేసిన పనికి పరమవీర చక్ర రావలసి ఉండెననీ ఆయన అన్నాడు. చదివినప్పుడు నాకు మనసులో కొంచెం ముల్లు గుచ్చుకున్నట్టయింది. దేశం ఇచ్చిన గౌరవాన్ని తూకం వేయవచ్చునా అనిపించింది. ఎవరైనా అట్లా అంటే మన పెద్దలు "షుక్ర్ చేయి, ఎక్కువ అడగకు" అంటారు. తర్వాత ఆలోచిస్తే అర్థమయింది. ఆ తండ్రి అడిగింది తన కోసం కాదు. తుపాకీ లేకుండా నిలబడి కొట్లాడిన పోరు తుపాకీతో చేసిన పోరుకంటే తక్కువ ఎట్లా అయిందన్నది ఆయన ప్రశ్న. దానికి జవాబు చెప్పడం అంత సులువు కాదు.

ఈ పతకాల మెట్లు తెలియనిదే ఆ ప్రశ్న బరువు తెలియదు గనుక కొంచెం వివరిస్తాను. మన దేశంలో సాహస పతకాలు రెండు వరుసల్లో ఉన్నాయి. శత్రువు ఎదుట చూపిన సాహసానికి పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర. శత్రువు ఎదుట కాకుండా ఇతర సందర్భాల్లో చూపిన సాహసానికి అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర. మొదటి వరుసలోని మూడింటినీ 1950 జనవరి 26న నెలకొల్పారు, 1947 ఆగస్టు 15 నుంచే వర్తించేటట్టు. పరమవీర చక్ర ఇంతవరకు 21 మందికే దక్కింది. వారిలో 14 మంది దాన్ని చూసుకోలేదు, వాళ్లు పోయిన తర్వాతనే ప్రకటించారు. 1999 కార్గిల్ పోరు తర్వాత అది మరెవరికీ రాలేదు.

ఇప్పుడు గల్వాన్ సంగతి చూడండి. అక్కడ యుద్ధం ప్రకటించలేదు, ఫిరంగులు పేలలేదు. మామూలు ఘర్షణ అని చెప్పి రెండో వరుస పతకాలు ఇచ్చి ఊరుకోవచ్చు. ప్రభుత్వం ఆ పని చేయలేదు. మొదటి వరుసలోది ఇచ్చింది. అంటే అవతల ఉన్నది శత్రువేననీ, జరిగింది పోరాటమేననీ కాగితం మీద ఒప్పుకొన్నట్టే. నా మటుకు నాకు మెట్టు కంటే వరుసే ముఖ్యంగా తోచింది. ఇది నా అభిప్రాయం. తండ్రి స్థానంలో ఉంటే నేనూ మెట్టునే చూసేవాణ్నేమో.

ఆ రాత్రి పోరుకే నాయబ్ సుబేదార్ నూదూరాం సోరెన్, హవల్దార్ పళని, నాయక్ దీపక్ సింగ్, సిపాయి గుర్తేజ్ సింగ్ గార్లకు మరణానంతరం వీర చక్ర ఇచ్చారు. బతికి బయటపడ్డ హవల్దార్ తేజిందర్ సింగ్‌కు కూడా అదే. గుర్తేజ్ సింగ్ పంజాబ్ కుర్రవాడు, ఇరవై దాటి రెండు మూడేండ్లు. దీపక్ సింగ్ చేతిలో ఉన్నది మందుల పెట్టె. గాయపడినవాళ్లకు కట్లు కడుతూ తాను గాయపడి, అయినా ముప్పై మందికి పైగా వైద్యం చేసి పోయాడు. ఆయన భార్య తర్వాత శిక్షణ పొంది 2023లో సైన్యంలో ఆఫీసరుగా చేరింది. ఇవన్నీ పత్రికల్లో ఒక్క రోజు మెరిసి పోయిన పేర్లు. మన సావనీరులోనైనా ఉండనీయండి.

ఇక ఆ పిల్లవాడి ప్రశ్నకు వద్దాం. పరమవీర చక్ర కంచుది. అవును, అన్నింటికంటే పెద్ద పతకం అన్నింటికంటే చవక లోహం! మహావీర చక్ర, వీర చక్ర వెండివి. మహావీర చక్ర గుండ్రటి వెండి బిళ్ల, దాని మీద అయిదు కోణాల నక్షత్రం, మధ్యన బంగారు పూత పూసిన రాజముద్ర. వెనుక వైపు రెండు తామర పూలూ, హిందీలో, ఇంగ్లీషులో పతకం పేరూ. రిబ్బను సగం తెలుపు, సగం కాషాయం. పొందినవాడి పేరు అంచు మీద చెక్కుతారు. అరచేతిలో పెట్టుకొంటే మూసిన గుప్పిట్లో ఇమిడిపోతుంది.

పరమవీర చక్రకు రూపం దిద్దింది ఎవరనుకున్నారు? సావిత్రి ఖానోల్కర్ అనే ఆవిడ. పుట్టింది స్విట్జర్లాండులో. మన సైనికాధికారిని పెండ్లాడి, ఇక్కడి భాషలూ పురాణాలూ నేర్చుకొని ఈ దేశపు మనిషైంది. ఇంద్రుడి వజ్రాయుధాన్ని నాలుగు దిక్కులా పెట్టి పతకం గీసింది. ఆమె గీసిన ఆ పతకం మొట్టమొదట దక్కింది మేజర్ సోమనాథ్ శర్మకు. ఆయన ఆమెకు చుట్టమే, కూతురి అత్తింటి వైపు. 1947 నవంబరు 3న శ్రీనగర్ దగ్గర బడ్గాంలో, చేతికి ప్లాస్టర్ కట్టుతో ఉండి కూడా తన కంపెనీని నడిపిస్తూ పోయాడు. వయసు 24.

ఇక్కడ మన నిజాం రాజ్యపు మనుషులకు ఒక ముచ్చట. సోమనాథ్ శర్మ 1942లో ఆఫీసరుగా చేరింది 19వ హైదరాబాద్ రెజిమెంటులో. నిజాం రాజ్యంలో ఇంగ్లీషు వాళ్లు పెంచిన కంటింజెంటు సైన్యం నుంచి వచ్చిన పేరు అది. కాలక్రమాన అందులో కుమావ్ కొండల వాళ్లే ఎక్కువయ్యారు. 1945లో దాని పేరును కుమావ్ రెజిమెంటుగా మార్చేశారు. కాబట్టి స్వతంత్ర దేశపు మొదటి పరమవీరుడు యూనిఫారం వేసుకున్న మొదటి రోజున భుజం మీద ఉన్నది హైదరాబాద్ పేరే. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర మూడు కంచు విగ్రహాలు చూసినవాళ్లుంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనా వైపు పోయిన జోధ్‌పూర్, మైసూర్, హైదరాబాద్ అశ్వదళాలకు గుర్తు అవి. మా చిన్నప్పుడు ఈ సంగతి ఏ పాఠంలోనూ లేదు.

ఆ మొదటి ప్రపంచ యుద్ధపు పతకాల కథ కూడా వినదగ్గదే. యుద్ధంలో పోయిన ప్రతి ఒక్కని ఇంటికీ పతకాలతోపాటు ఒక పెద్ద కంచు బిళ్ల పంపించేవారు. దాదాపు పన్నెండు సెంటీమీటర్ల వెడల్పు, చిన్న పళ్లెమంత. దాని మీద పేరు మాత్రమే, హోదా ఉండదు. జనరల్ అయినా జవాను అయినా ఒకటే బిళ్ల. మరణంలో పెద్దా చిన్నా లేదని ఆ రోజుల్లోనే ఆ ఆలోచన చేశారు. మామూలు సైనిక పతకం వెండిది. బరువులు మోసే, గుర్రాలను కాసే మన దేశపు కూలీ దళాల వాళ్లకు మాత్రం అదే పతకం కంచులో ఇచ్చారు. చూశారా, చావులో సమానత్వం, బతికున్నప్పుడు తేడా! ఆ వెండివి ఎన్నో కరువు రోజుల్లో కంసాలి కొలిమిలో కరిగిపోయాయి. కడియాలైనాయి, పట్టీలైనాయి. తప్పు పట్టలేం. ఆకలి ముందు అంచు మీద పేరు ఎవరు చదువుతారు? మన సభ్యుల్లో ఎవరింట్లోనైనా తాతల కాలపు పతకం పెట్టెలో పడి ఉంటే మాత్రం అమ్మే ముందు దాని అంచు చూడండి. మన దేశపు సిపాయిలకిచ్చిన వాటి అంచు మీద నంబరూ, పేరూ, పల్టనూ కొట్టి ఉంటాయి.

పతకం ఇంటికి చేరే తీరు కూడా ఒక చరిత్రే. 1965 యుద్ధంలో హవల్దార్ అబ్దుల్ హమీద్ పేరు మన ఇండ్లల్లో తెలియనివారు లేరు. ఉత్తరప్రదేశ్‌లో గాజీపూర్ జిల్లా ధాముపూర్ ఆయన ఊరు. గ్రెనేడియర్స్ 4వ బెటాలియన్. ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్ చెరకు తోటల్లో, జీపు మీద బిగించిన తోపుతో పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులను ఒకదాని తర్వాత ఒకటి కొట్టి, సెప్టెంబరు 10న తానూ ట్యాంకు గుండుకు బలైపోయాడు. వయసు 32. కొద్ది రోజులకే పరమవీర చక్ర ప్రకటించారు. 1966 రిపబ్లిక్ దినాన ఢిల్లీలో రాష్ట్రపతి రాధాకృష్ణన్ చేతుల మీదుగా దాన్ని అందుకున్నది ఆయన సతీమణి. పల్లెటూరి ఇల్లాలు, ఎన్నడూ అంతమంది ముందు నిలబడి ఎరుగదు. ఆ మనిషి మనసులో ఏముండెనో ఏ ప్రశంసా పత్రంలోనూ ఉండదు.

కార్గిల్‌లో మన హైదరాబాద్ బిడ్డ ఒకరున్నారు. మేజర్ పద్మపాణి ఆచార్య. ఒరియా కుటుంబం, హైదరాబాద్‌లో స్థిరపడింది. తండ్రి వైమానిక దళంలో వింగ్ కమాండర్‌గా చేసినవాడు. పద్మపాణి ఉస్మానియాలో చదివి, రాజ్‌పుతానా రైఫిల్స్ 2వ బెటాలియన్‌లో చేరాడు. 1999 జూన్ 21న ముప్పై ఏళ్లు నిండాయి. వారం తిరగకుండానే జూన్ 28న ద్రాస్ ఎత్తుల్లో ఒక కొండ మీది శత్రు స్థావరం పట్టుకునే పని మీద పడింది. ముందు నడుస్తున్న ప్లాటూన్ మీద ఫిరంగి గుండ్లు పడి దాడి ఆగిపోయేటట్టు ఉంటే, వెనుక ఉన్న ప్లాటూన్‌ను తానే తీసుకుని నిట్టనిలువు బండ ఎక్కించాడు. పాకుతూ పోయి బంకర్‌లో గ్రెనేడ్లు విసిరాడు. తూటాలు తగిలి కదలలేకపోతే, నన్ను వదిలేసి మీరు పోండని జవాన్లకు చెప్పి, కూర్చున్నచోటి నుంచే కాలుస్తూ ఉన్నాడు. కొండ చిక్కింది, మనిషి దక్కలేదు. అప్పటికి ఆయన భార్య గర్భిణి. బిడ్డ పుట్టింది ఆయన పోయిన తర్వాత. పోయే ముందు తండ్రికి రాసిన ఉత్తరంలో, కోడలికి రోజూ మహాభారతంలోని ఒక కథ చెప్పమనీ, పుట్టబోయే బిడ్డకు మంచి గుణాలు అబ్బుతాయనీ రాశాడు. ఆయనకూ మహావీర చక్రే వచ్చింది. అదే రాత్రి అదే బెటాలియన్‌తో నాగాలాండ్ నుంచి వచ్చిన కెప్టెన్ కెంగురుసే పోయాడు, ఆయనకూ మహావీర చక్ర. ఇరవై రెండేళ్ల కెప్టెన్ విజయంత్ థాపర్ పోయాడు, వీర చక్ర.

అదే రాజ్‌పుతానా రైఫిల్స్, 11వ బెటాలియన్. కెప్టెన్ హనీఫుద్దీన్. ఢిల్లీ కుర్రవాడు, తల్లి హిందుస్తానీ గాయని, తండ్రి చిన్నప్పుడే పోయాడు. జూన్ మొదటి వారంలో తుర్తుక్ ప్రాంతంలో, పద్దెనిమిది వేల అడుగుల మీద, శత్రువు కదలికలు కనిపెట్టడానికి చిన్న దళంతో పోయి తూటాలకు గురయ్యాడు. గాయపడి కూడా తన వాళ్లు క్షేమమైన చోటికి చేరేదాకా కాలుస్తూ ఉన్నాడు. ఇరవై అయిదు నిండలేదు. శత్రు కాల్పుల వల్ల నెల దాటినా శవాన్ని కిందికి తేలేకపోయారు. ఆ నెల రోజులు ఆ తల్లి ఎట్లా గడిపిందో! వీర చక్ర ఇచ్చారు. ఆ ప్రాంతానికి సైన్యం హనీఫ్ సబ్ సెక్టర్ అని పేరు పెట్టుకున్నది. ఒకే రెజిమెంటు, ఒకే నెల. హైదరాబాద్ పద్మపాణి, ఢిల్లీ హనీఫ్, కోహిమా కెంగురుసే. పతకం అంచు మీద మతం రాసే చోటు లేదు, పేరు రాసేంత చోటే ఉంది.

మళ్లీ సూర్యాపేటకు. 2021 నవంబరు 23న రాష్ట్రపతి భవన్‌లో రామ్‌నాథ్ కోవింద్ గారి చేతుల మీదుగా సంతోష్ బాబు మహావీర చక్రను అందుకోవడానికి ఇద్దరు ఆడవాళ్లు నడిచి వచ్చారు, తల్లి, భార్య. ఆ దృశ్యం నాకు మరపురాదు. పోయినవాని పతకం ఎవరి చేతికి రావాలన్న దాని మీద కొన్ని ఇండ్లల్లో అత్తాకోడళ్ల మధ్య గోడలు లేచాయని వింటాం. ఇక్కడ ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ఒకరు నవమాసాలు మోసినవారు, ఒకరు పిల్లల్ని పెంచవలసినవారు.

తెలంగాణ ప్రభుత్వం ఆ కుటుంబానికి 5 కోట్ల రూపాయలు, హైదరాబాద్‌లో 711 గజాల ఇంటి స్థలం, భార్యకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి స్వయంగా సూర్యాపేట వెళ్లి కాగితాలు అందజేశారు. గల్వాన్‌లో పోయిన మిగతా 19 మంది పరాయి రాష్ట్రాల వాళ్లే అయినా, ఒక్కొక్క కుటుంబానికి 10 లక్షలు ప్రకటించారు. ఇది నాకు మరీ నచ్చింది. పోయి ఏడాది నిండిన రోజున, 2021 జూన్ 15న సూర్యాపేటలో విగ్రహం నిలిపారు. ఇక పతకంతో వచ్చే నెలసరి భత్యం, 2017లో పెంచిన లెక్క ప్రకారం, మహావీర చక్రకు 10,000 రూపాయలు, పరమవీర చక్రకు 20,000, వీర చక్రకు 7,000.

మన బెల్లంపల్లి వాళ్లకు ఈ లెక్కలు కొత్త కాదు. మనది బొగ్గు బాయిల ఊరు. బాయిల పైకప్పు కూలి పోయినవాళ్ల ఇండ్లు ఏ గల్లీలో చూసినా ఒకటి రెండుంటాయి. ఇంటి మగమనిషి పోతే వచ్చే డిపెండెంటు ఉద్యోగం కోసం ఏండ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగిన ఆడకూతుళ్లను మనం చూశాం. మన సొసైటీలోనే అట్లాంటి అక్కచెల్లెళ్లకు అర్జీలు రాసిపెట్టిన సభ్యులున్నారు. సైనికుడి చావూ బాయి కార్మికుడి చావూ ఒకటని నేను అనడం లేదు. ఒకటి దేశం పిలిస్తే పోయింది, ఒకటి పొట్ట కోసం పోయింది. కాని పొద్దున టిఫిన్ బాక్సుతో పోయిన మనిషి మాపటికి రాకపోతే ఇంట్లో ఏమవుతుందో మనకు తెలిసినంత వేరే ఊరికి తెలియదు. అందుకే సూర్యాపేట తల్లి సంగతి మనకు పరాయిదిగా తోచదు.

సంతోష్ బాబు తండ్రి కోరిన పరమవీర చక్ర రాలేదు. వెండి బిళ్ల అట్లాగే ఉంది, ఆయన మాటా అట్లాగే ఉంది. రెండూ చరిత్రలో ఉండవలసినవే అని నా నమ్మకం.

మొన్న పండుగ రోజున ఆ పిల్లవాడు మళ్లీ కనబడ్డాడు. దగ్గరికి పిలిచి, "బేటా, ఆ రోజు నీకు తప్పు చెప్పాను. బంగారం కాదు, వెండి. పెద్దది అయితే కంచు" అన్నాను. వాడు కొంచెం నిరాశపడ్డట్టు కనిపించాడు. లక్షెట్టిపేట బడి సంగతి చెప్పగానే మాత్రం మొహం వెలిగింది. "మా ఖాలా వాళ్ల ఊరే చాచా! ఏ బడి? నేను పోయి చూస్తా" అన్నాడు. బడి పేరు చీటీ మీద రాసి ఇచ్చాను.